ప్యూరిటన్ తాత పాపాలు, నా నోటుబుక్కు

ఆ రోజుల్లో మా జనగామ వైపు ఇంట్లో కాగితమంటూ ఉండడమే నేరం. సంఘం వాళ్ళు దొరల గడీల మీదికి పోతున్న కాలం, నిజాం పోలీసులు ఊళ్ళ మీద పడి ఇల్లిల్లూ సోదా చేస్తున్న కాలం. చూరులో ఏ కరపత్రం ముక్క దొరికినా ఆ ఇంటి మగవాణ్ణి పట్టుకుపోయేవాళ్ళు. అందుకని జనం పెళ్ళి పత్రికలు, మందు చీటీలు, చుట్టాల ఉత్తరాలు కూడా పొయ్యిలో పెట్టి చేతులు దులుపుకున్నారు. సరిగ్గా అలాంటి కాలంలో మా ఊళ్ళో పదకొండు మంది ఆడవాళ్ళం, మేం చేసిన ప్రతి తప్పునూ తేదీ వేసి, పేర్లతో సహా, సిరాతో, చక్కటి దస్తూరీతో రాసిపెట్టుకున్నాం. మిగతా పది మందిలో తొమ్మిది మందికి రాయడం నేర్పిన ఘనురాలిని నేనే. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ నవ్వు వెనకాలే ఒళ్ళు కూడా జలదరిస్తుంది.

నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. హనుమకొండలో బోర్డింగులో ఉండి మెట్రిక్ దాకా చదువుకుని, జనగామకు ఆరు కోసుల దూరంలో ఉన్న మా ఊళ్ళోనే మిషను బడిలో పంతులమ్మగా చేరాను. బడిని నడిపేది ఒక తెల్ల దొరసానమ్మ. పొడుగ్గా, సన్నగా, ఇస్త్రీ చేసిన దుప్పటిలా ఉండేది. నవ్వడం ఆమెకు రాదని అందరం అనుకునేవాళ్ళం (వచ్చునని తర్వాత తెలిసింది, ఆ సంగతి చివర్లో చెబుతాను). తెలుగు బాగానే నేర్చుకుంది గానీ అది బైబిలు తెలుగు. "అమ్మాయీ, నీవు ఆలస్యముగా వచ్చితివి" అనేది. ఆమె మాటలు విని విని నా తెలుగు కూడా అలాగే తయారైంది. ఒకసారి ఇంట్లో "అక్కా, నాకు ఆకలి వేయుచున్నది" అంటే అక్క నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

ఆ దొరసానమ్మకు ఒక ఇనప్పెట్టె నిండా పుస్తకాలుండేవి. అవన్నీ మూడు వందల ఏళ్ళ కిందటి ఆమె పూర్వీకుల రాతలు. ప్యూరిటన్లట వాళ్ళ పేరు. ఇంగ్లండు రాజుగారి చర్చి పద్ధతులు నచ్చక, ఓడలెక్కి, సముద్రం దాటి, అమెరికా అడవుల్లోకి వెళ్ళిపోయారట. దుంగలు పేర్చి ఇళ్ళు కట్టుకున్నారట. ఇంటి మీద కప్పు నిలిచిందో లేదో రాయడం మొదలుపెట్టారట. ఏం రాశారంటే, మూడేసి గంటల ప్రసంగాలు, ప్రయాణపు కష్టాలు, పోయిన పిల్లల మీద పద్యాలు. కథలూ నాటకాలూ మాత్రం ముట్టుకోలేదు, అవి పాపం కనక. అన్నిటికన్నా ఎక్కువ రాసింది దినచర్యలు. పన్ను నొప్పి పుడితే ఎందుకు పుట్టింది, ఆవు ఇంటికి రాకపోతే తామేం తప్పు చేశారు, ప్రార్థనలో నిద్రెందుకు వచ్చింది, అన్నిట్లోనూ దేవుడు తమకేదో చెబుతున్నాడని తమ మనసును తామే సోదా చేసుకునేవాళ్ళు. దొరసానమ్మ తాతల తాతల్లో ఒకాయన అక్కడ పాస్టరుగా ఉండి ఇరవై ఏళ్ళ పాటు ఇలా తన తప్పులన్నీ రాసుకున్నాడు. వాళ్ళ వాళ్ళు దాన్ని పుస్తకంగా అచ్చు కూడా వేయించారు. (మా ఇంట్లో అలాంటి పుస్తకం ఎవరైనా రాస్తే అచ్చు వేయించేవాళ్ళం కాదు, బావిలో వేసేవాళ్ళం.)

వారానికి రెండు పేజీల చొప్పున ఆ తాతగారి దినచర్యను నేను తెలుగు చేయాలి. శనివారం మధ్యాహ్నం కూలి పనుల నుంచి వచ్చిన ఆడవాళ్ళకు చదివి వినిపించాలి. నేను దాన్ని ఎంత నిష్ఠగా చేసేదాన్నంటే, సగం పుస్తకం ఎక్కాల మాదిరి నోటికి వచ్చేసింది. వినేవాళ్ళకు మాత్రం రకరకాల సందేహాలు. మాలో అందరికన్నా పెద్దది కొత్తగూడ అవ్వ. కొత్తగూడ అడవుల్లో పుట్టి, మా ఊరికి కోడలుగా వచ్చిన మనిషి. ఒక శనివారం ఆమె చెంపకు చెయ్యి ఆనించుకుని అడిగింది.

"రాజు మీద కోపమొచ్చి అడివికి పోయిండ్రంటున్నవ్. అందరు కలిసి ఒట్టు పెట్టుకున్నరంటున్నవ్. అంటే వాళ్లు సుత సంఘమోళ్లేనా బిడ్డా?"

"కాదు. వారు దైవభక్తులు" అంది దొరసానమ్మ, కిటికీ వైపు ఒకసారి చూసి.

"సరే తియ్యమ్మా. మరి ఆ అడివిల ముందుగాల మనుషులు లేకుంటరా? మా కొత్తగూడ దిక్కు ఏ గుట్టెక్కినా ఎవడో ఒకడు పోడు కొట్టుకుంట కనవడ్తడు. వీళ్లు పోంగనే వాళ్లెటు పోయిండ్రు?"

దొరసానమ్మ చాలాసేపు పేజీలు తిరగేసింది. చివరికి "తాతగారి పుస్తకములో ఆ సంగతి అంతగా వ్రాయబడలేదు" అంది. అవ్వ "గట్లనా" అని ఊరుకుంది. ఆ తాతగారి మీద నాకున్న భక్తికి అప్పుడే చిన్న పగులు పడాల్సింది. పడలేదు, నాకు భక్తి అంత దట్టంగా ఉండేది.

ఆ భక్తిలోంచే వచ్చింది నోటుబుక్కుల ఆలోచన. తాతగారి మాదిరిగా మనం కూడా రోజూ ఆత్మపరీక్ష చేసుకుని రాసుకోవాలని దొరసానమ్మ అంది. అందరికీ తలా ఒక నోటుబుక్కు ఇచ్చింది. ఒకరి పుస్తకం ఒకరు తెరవకూడదని నియమం. నేను ఊరుకోక, పదకొండింటి అట్టల మీదా గుండ్రటి అక్షరాలతో "రహస్యము. ఇతరులు తెరవరాదు" అని రాసిపెట్టాను. (దేశంలో పోలీసులు ఏ మాట కోసం వెతుకుతున్నారో ఆ మాటే.) ఎండాకాలం రాగానే దొరసానమ్మ చల్లటి కొండలకు వెళుతూ, "నేను వచ్చువరకు ఎవరును మానరాదు, అబద్ధము వ్రాయరాదు" అని చెప్పి బీరువా, మందుల పెట్టె తాళాలు నా చేతిలో పెట్టింది. నేను మానలేదు. ఎవరినీ మాననివ్వలేదు కూడా. కూలి చేసి వచ్చి నడుం వాల్చిన ఆడవాళ్ళను లేపి మరీ పాపాలు రాయించాను. రాయడం రాని కొత్తగూడ అవ్వ చెబుతుంటే ఆమె తరఫున నేనే రాసేదాన్ని. "ఈ వారం పాపమేం చెయ్యలె బిడ్డా, పానం బాగలేకపాయె" అనేది. అదే రాశాను.

ఇక అసలు సంగతి. మా బావ, అంటే అక్క మొగుడు, అప్పటికి ఏడాదిగా దళంలో ఉన్నాడు. ఒక మధ్యాహ్నం చలిజ్వరంతో వణుకుతూ మా పెరటి తలుపు తట్టాడు. మనిషి నిలబడలేకపోతున్నాడు. నాయిన, అక్క అతన్ని లోపలికి తీసుకుని, వడ్ల గుమ్మి వెనకాల గొంగడి పరిచి పడుకోబెట్టారు. నేను బడికి పరుగెత్తి దొరసానమ్మ మందుల పెట్టెలోంచి క్వినైను తెచ్చాను. కాసేపటికే ఊళ్ళోకి వచ్చిన పోలీసు జవాను ఒకడు వాకిట్లో ఆగి "ఇంట్ల ఎవరున్నరు?" అనడిగితే, "నాయిన, అక్క, నేను, గంతే" అన్నాను. వాడు మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. నేను మాత్రం నేరుగా బడికి వెళ్ళి, బీరువా తీసి, నా నోటుబుక్కు తెరిచి రాశాను. ఇప్పటికీ ఒక్కక్షరం మరిచిపోలేదు. "ఈ దినము నేను అబద్ధమాడితిని. మా బావను వడ్ల గుమ్మి వెనుక దాచియుంచి, మరెవరును లేరని జవానుతో పలికితిని. దొరసానమ్మగారి క్వినైను అడుగకుండ తీసితిని. ప్రభువా, ఈ రెండు పాపములను క్షమించుము." రాశాక మనసెంత తేలికైందో! తృప్తిగా వెళ్ళి అన్నం తిన్నాను.

మర్నాడు పొద్దున పదింటికి అమీను తన బలగంతో దిగాడు. ఆ రోజుల్లో ఠాణాకు పెద్ద అమీనే. బొద్దు మీసాలు, చెమటకు తడిసిన కోటు, తెల్లారకముందు నుంచీ నాలుగూళ్ళు తిరిగిన విసుగు. బడిలో సంఘం కాగితాలున్నాయేమో చూడాలన్నాడు. బీరువా తీయించాడు. పదకొండు పుస్తకాలు, ఒకే రంగు, ఒకే సైజు, అన్నిటి మీదా ఒకే రాత.

"గిదేం రాసున్నది?" అన్నాడు అట్ట మీద వేలు పెట్టి.

"రహస్యము. ఇతరులు తెరవరాదు" అని చదివాను. అబద్ధం చెప్పకూడదు కదా.

అమీను మీసాల్లో నవ్వాడు. ఆ పుస్తకాలు ఎవరెవరివో వాళ్ళందరినీ బడికి పిలిపించాడు. తనకు ఉర్దూ చదవడమే వచ్చు, తెలుగు చదవడం రాదు. తెలుగు చదివే మున్షీ ఏమో కడుపునొప్పితో ఠాణాలోనే ఉండిపోయాడట. "నాకు చదవరాదు గని వింటే మంచిగ సమజైతది. ఏ పంతులమ్మా, నువ్వే చదువు. ఒక్క ముక్క ఇడిచిపెట్టినవో, చూస్కో" అన్నాడు. చదవడం మొదలుపెట్టాను. నా పుస్తకం దొంతరలో ఎక్కడుందో నాకు తెలుసు, అందులో చివరి పేజీలో ఏముందో తెలుసు, నేను ఎవరి గురించి రాశానో ఆ మనిషి అప్పుడు రెండు సందుల అవతల గుమ్మి వెనకాల జ్వరంతో మూలుగుతున్నాడనీ తెలుసు. 

మొదటి పుస్తకంలో ఒకామె అత్త చచ్చిపోతే బాగుండునని మూడుసార్లు అనుకుంది. అత్త అక్కడే నిలబడి ఉంది. రెండోదాంట్లో ఒకామె ప్రార్థనలో కళ్ళు మూసుకోకుండా పక్కామె ముక్కుపుడక చూసింది. మూడోదాంట్లో ఒకామె తన గంపలో దూరిన పొరుగింటి కోడిని వండుకు తిని, "పిల్లి పట్టుకుపోయెనని చెప్పితిని" అని రాసుకుంది. కోడిగలామె "ఓసి నీ అవ్వ! నా నల్లకోడి నువ్వే తిన్నవా! నా పిల్లిని ఉత్తగనే కొడితిగదనే!" అని మీదికి పోబోతే జవాన్లు అడ్డం పడాల్సి వచ్చింది. ఇంకో పుస్తకంలో "ఠాణా బంట్రోతు మా మేకపిల్లను పట్టుకుపోగా వాని కాళ్ళు విరుగవలెనని శపించితిని" అని ఉంది. నోరు ఆపుకునేలోపే చదివేశాను. అమీను తల తిప్పి వెనక నిలబడ్డ బంట్రోతు వైపు చూశాడు. బంట్రోతు పైకప్పు వైపు చూశాడు. అమీను కుర్చీలో వెనక్కి వాలి కాళ్ళు చాపుకున్నాడు. నాలుగూళ్ళ సోదాలో దొరకని కాలక్షేపం ఆయనకు మా బడిలో దొరికింది. "ఊఁ, ఇంకోటి" అంటున్నాడు పిల్లల్లాగా.

పది పుస్తకాలయ్యాయి. "ఇంకొకటి ఉన్నట్టున్నది. ఎవలది?" అన్నాడు. నాది అన్నాను. ఎవరిదో తెలియదనొచ్చు. బడిదనొచ్చు. నాకు తోచలేదు. అడిగితే నిజం చెప్పడమే తెలుసు అప్పటి ఆ పందొమ్మిదేళ్ళ పిల్లకు. "చదువు మరి. ఆఖరుకు ఏం రాసినవో అది చదువు, పాతయి వద్దు" అన్నాడు.

పేజీ తెరిచాను. గుమ్మి అన్న మాట నా కళ్ళకు ఇంతింత అక్షరాలతో కనబడుతోంది. చదివితే బావను అక్కడికక్కడే కాల్చేస్తారు, నాయినను తీసుకుపోతారు. చదవకపోతే పుస్తకం లాక్కుని ఠాణాలో మున్షీ చేత చదివిస్తారు. నోరు తెరిచాను. నేననుకోకుండానే ఆ నోట్లోంచి మూడు వందల ఏళ్ళ కిందటి తాతగారు బయటికొచ్చారు.

"ఈ దినము మంచు మోకాలి లోతు కురిసెను. నా అపనమ్మకమును బట్టియే..."

"ఆగు" అన్నాడు అమీను. బయట వైశాఖమాసపు ఎండ మండిపోతోంది. "మంచా? గీడనా?"

 గోడకు ఆనుకుని కూర్చున్న కొత్తగూడ అవ్వ, ఏమీ కానట్టు అంది. "పడ్తది సారూ. పొద్దుగాల ఆకుల మీద పడదా? గీ పిల్ల చిన్నదాన్ని పెద్దగ రాస్తది."

"ఊఁ. చదువు."

"నా ఎనమండుగురు పిల్లలలో చిన్నది దగ్గుచున్నది. ఇది నా నిద్రమత్తునకు శిక్షయని..."

అమీను నా మెడ వైపు చూశాడు. పుస్తె లేదు, నల్లపూసలు లేవు. "నీకు ఎనమండుగురా?"

"బడి పిల్లలు సారూ. పంతులమ్మకు బడి పిల్లలే పిల్లలు" అంది అవ్వ. దానికీ ఆయన తలూపాడు. నేను అక్కడితో ఆపేసి ఉంటే గౌరవంగా బయటపడేదాన్ని. కానీ కంఠతా వచ్చినదాన్ని మధ్యలో ఆపడం నా వల్ల కాలేదు, తర్వాతి వాక్యం దానంతటదే దొర్లింది.

"నా భార్య రెండు దినములనుండి నాతో మాటలాడుట లేదు. ఆమె కోపము న్యాయమైనదే."

 అవ్వ కూడా నోరు తెరిచి నా వైపే చూస్తోంది. అమీను నిదానంగా కుర్చీలో ముందుకు జరిగాడు.

"నీకు... భార్యనా?"

నా కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు కారాయి. అవ్వ లేచి వచ్చి నన్ను పొదివి పట్టుకుని, అమీను వైపు తిరిగి గొంతు తగ్గించి అంది. "ఏమనుకోకు సారూ. మంచి పిల్లనే. ఎండాకాలమొస్తె గిట్లైతది. తెల్ల దొరసాని పుస్తకాలు చదివి చదివి దిమాగు గరమైంది. ఒకనాడు నేను ఓడెక్కొచ్చిన అంటది, ఒకనాడు నా ఆవు తప్పిపోయింది అంటది. తల్లి లేని పిల్ల. మేమే కాపాడుకుంటున్నం."

మిగతా ఆడవాళ్ళందరూ తలలూపారు. కోడి పోగొట్టుకున్నామె కూడా కొంగు కళ్ళకద్దుకుంది. అమీను నా చేతిలోంచి పుస్తకం తీసుకుని ఒకసారి నా మొహం వైపు, ఒకసారి ఆ పేజీ వైపు చూశాడు.  ఆయన పుస్తకం మూసి, మిగతా పదింటి మీద పెట్టి లేచాడు. "దవాఖానల చూపెట్టుండ్రి. జర సల్ల తాగిపియ్యుండ్రి పిల్లకు" అని, గుమ్మం దగ్గర ఆగి, "గిసొంటియి రాయకుండ్రి. ఎవని కడుపులది వాని కడుపులనే ఉండనియ్యుండ్రి" అన్నాడు. బంట్రోతును ముందు నడవమని వెనకాల తను వెళ్ళిపోయాడు. ఆయన నిజంగా నమ్మాడో, నమ్మినట్టు వెళ్ళిపోయాడో నాకు ఈ రోజుకీ తెలియదు.

జరిగింది చెబితే బావ గొంగట్లోంచి తల బయటికి పెట్టి, వణుకుతూనే అడిగాడు.

"పేరు రాసినవా?"

"పేరు లేదు. మా బావ అని రాసిన."

"నీకెంతమంది బావలున్నరు?"

"నువ్వొక్కనివే."

"గుమ్మి సుత రాసినవా?"

"రాసిన."

"మా దళంల నీ అసొంటి మనిషి ఒక్కతి ఉంటే సాలు. సర్కారుకు తుపాకులే అక్కరలేకుండె" అని మళ్ళీ గొంగడి కప్పుకున్నాడు. గొంగడి కింద నుంచి చాలాసేపు కదలిక వచ్చింది. జ్వరమనుకున్నాను, నవ్వట. రెండు రోజులకు కాస్త తేరుకున్నాక కొత్తగూడ అవ్వ తమ్ముడి వెంట కట్టెలమోపుతో అడవి దారి పట్టాడు. నోటుబుక్కులన్నీ అమీను వెళ్ళిన రోజే పొయ్యిలోకి పోయాయి. ఇక నా సంగతంటారా, నాకు పిచ్చని చుట్టుపక్కల పది ఊళ్ళకు తెలిసిపోయింది. మొగుళ్లపల్లి నుంచి మాటల్లో ఉన్న సంబంధం వాళ్ళు మళ్ళీ కబురు పెట్టలేదు. నెలరోజుల పాటు ఏ ఇంటి ముందు నుంచి వెళ్ళినా ఎవరో ఒకరు పిలిచి చల్ల తాగించేవాళ్ళు.

వానలు పడ్డాక దొరసానమ్మ తిరిగొచ్చింది. ఉద్యోగం పోతుందని నిశ్చయించుకునే ఆమె ముందు నిలబడి మొత్తం చెప్పాను. క్వినైను తీశానని, జవానుతో అబద్ధమాడానని, నోటుబుక్కులు కాల్చేశామని, వాళ్ళ తాతగారి పాపాలను నావిగా చదివానని. ఆమె రాతిబొమ్మలా విన్నది.

"ఏ పేజీ?" అంది.

చెప్పాను. భార్య మాటలాడుట లేదన్న చోటు రాగానే ఆమె పెదవులు బిగించుకుంది, ముక్కు ఎర్రబడింది, ఇక ఆపుకోలేక మొహానికి రుమాలు అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, మామూలు గొంతుతో, "మీ బావగారి జ్వరము తగ్గెనా?" అని అడిగింది.

"తెలియదండీ. ఎక్కడున్నాడో తెలియదు."

ఆమె లేచి మందుల పెట్టె తెరిచి, క్వినైను సీసా తీసి నా చేతిలో పెట్టింది. "ఇది నీ యొద్దనుంచుము. ఎవరికిచ్చెదవో నేను అడుగను" అంది. కాసేపాగి, "నీవును వ్రాయకుము" అంది. మూడు వందల ఏళ్ళుగా ఒక్క తప్పూ దాచకుండా రాసుకున్న వంశంలో పుట్టిన మనిషి నోటి నుంచి వచ్చింది ఆ మాట. సీసా కొంగులో దాచుకుని బయటికొచ్చేశాను.

బావ మూడేళ్ళకు బతికే ఇంటికొచ్చాడు. నాకూ ఎలాగో పెళ్ళయింది. ఇప్పుడు ఆ పందొమ్మిదేళ్ళ పిల్లను తలుచుకుంటే జాలి, ముద్దు రెండూ కలుగుతాయి. అమీను వెళ్ళిపోయిన రోజు సాయంత్రం నేను చాలాసేపు ఏడ్చాను. బావ చచ్చిపోయేవాడే అని కాదు, అబద్ధమాడానే అని. ఇన్నేళ్ళ జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క మంచి పనికి క్షమించమని దేవుణ్ణి మోకాళ్ళ మీద కూర్చుని బతిమాలుకున్నాను.